వాకిటి బంటు

కరవీరపురం కోటలో ఆ ఉదయం మహారాజు గజకేతు పడకగదిలో మహారాజు లేడు, హంసతూలికా తల్పం నడిమధ్య జానెడు పొడవున్న ఏనుగుదంతపు బొమ్మ ఒకటి పట్టుదుప్పటి కింది నుంచి తల బయటపెట్టి, "ఎవరక్కడ? నా కాళ్ళు ఎవరు దొంగిలించారు?" అని దోమ గొంతుతో అరుస్తోంది.

ముఖం కడుక్కోవడానికి నీళ్ళు తెచ్చిన దాసి అక్కడికక్కడే మూర్ఛపోయింది. ఆమె చేతిలోంచి జారిన వెండి చెంబు మెట్ల మీదుగా దొర్లి దొర్లి అంతఃపురాన్నంతా నిద్రలేపింది.

రాకుమారి మధూలిక సగం అల్లిన జడతోనే పరుగెత్తుకొచ్చింది. బొమ్మను అరచేతిలోకి తీసుకుని చూసింది. కిరీటం, మెలితిప్పిన మీసం, కుడి చెంప మీద పుట్టుమచ్చ. సందేహం లేదు, తండ్రే! పాదాలు మాత్రం రాయిలా చల్లగా ఉన్నాయి. మోకాళ్ళ పైన ఇంకా వెచ్చగా, మెత్తగా ఉంది.

"నాన్నగారూ!"

"అరవకమ్మా, చెవులు పగిలిపోతున్నాయి. అయినా రాత్రికి రాత్రి నువ్వెందుకింత పెద్దదానివైపోయావు?"

ఆమె జవాబు చెప్పేలోగా కిటికీలోంచి ఇత్తడి చిలుక ఒకటి రివ్వున వచ్చి పందిరిమంచం కోడు మీద వాలింది.

"ఏడు సముద్రాల అవతలి కాలదంష్ట్ర మాయావి మాట వినండి! చిత్తడి అడవిలో, నల్లకోటలో చదరంగం పరిచి ఉంది. సూర్యుడు కుంగేలోగా ఎవరైనా వచ్చి నన్ను ఓడిస్తే రాజు మళ్ళీ మనిషవుతాడు. లేదా, ఆ దంతం పాదాల నుంచి నడుముకు, నడుము నుంచి గుండెకు, గుండె నుంచి గొంతుకు ఎక్కుతుంది. ఆపైన మీ రాజు పిల్లలాడుకునే బొమ్మ!"

చెప్పాల్సింది చెప్పి చిలుక కరిగి ఇత్తడి ముద్దయింది. రత్నకంబళి చుర్రున కాలి పొగలేచింది.

"ఆటతోడు రేవణుణ్ణి పిలవండి!" అన్నాడు ముసలి మంత్రి. రాజ్యం మొత్తం మీద రేవణుణ్ణి మించి చదరంగం తెలిసినవాడు లేడు. ప్రతి సాయంత్రం మహారాజుతో ఆడడమే అతని ఉద్యోగం. ఆ ఉద్యోగానికి కోటలో ఆటతోడు అని పేరు.

పరుగున వెళ్ళిన భటుడు పరుగున తిరిగొచ్చాడు. "రేవణయ్యగారి గది చిందరవందరగా ఉంది మహాప్రభో! గడప దగ్గర ఒక్క చెప్పు మాత్రం పడుంది. ఆయన్ని కూడా ఆ మాయావి ఎత్తుకుపోయినట్టున్నాడు!"

"అయ్యో, పాపం! చీమకైనా హాని చెయ్యనివాడు," అన్నాడు మంత్రి. గదిలో అందరూ తలలు దించుకున్నారు.

"అయితే ఆ ఆట నేనాడతాను," అన్న మాట కిటికీ వైపు నుంచి వినబడింది.

భటుల ఈటెలన్నీ అటు తిరిగాయి. కిటికీ గట్టు మీద కాలు వేలాడేసుకుని కూర్చున్నాడొక యువకుడు. తలకు ఎర్ర పాగా, నడుముకు కొరడా. కింద గుర్రపుశాలలో బేరాలాడుకుంటున్న గుర్రాల వర్తకుడు అంకన్న! అరుపులు విని గోడెక్కి వచ్చాడు. నిజానికి అతను అంకన్న కాదు. కరవీరపురంతో పాత పగ ఉన్న సింధుగిరి యువరాజు అరిందముడు. మారువేషంలో వచ్చి ఈ రాజ్యం సంగతేమిటో చూద్దామనుకున్నవాడు, రాకుమారిని చూశాక వెళ్ళడం మరిచిపోయాడు. ఈ రహస్యం తెలిసింది మధూలికకు ఒక్కదానికే.

"గుర్రాలమ్ముకునేవాడివి. నీకు చదరంగం వచ్చా?" అన్నాడు మంత్రి.

"గుర్రం ఎలా దూకుతుందో నాకంటే ఎవరికి తెలుసు, మంత్రిగారూ?"

మధూలిక అప్పటికే తండ్రిని పట్టుసంచీలో పెట్టుకుని కత్తి బిగించుకుంటోంది. "నేనూ వెళ్తాను. నాన్నగారిని సంచీలో వేసుకుని పరాయివాడు పోతుంటే నేను జడేసుకుంటూ కూర్చోవాలా? మంత్రిగారూ, మేం వచ్చేదాకా సింహాసనం మీ బాధ్యత."

కోటద్వారం తెరుచుకోవడం, రెండు గుర్రాలు బాణాల్లా దూసుకుపోవడం క్షణాల్లో జరిగిపోయాయి.

చిత్తడి అడవి పగటిపూట కూడా దీపం అడిగేంత చీకటిగా ఉంది. నీటిమీద పాచి పచ్చల కంబళిలా పరుచుకుంది. దాని మీద గులాబీరంగు కలువలు గిన్నెలంత వెడల్పున విచ్చుకుని ఉన్నాయి. ఒక్కో పువ్వు మీదా తూనీగలు ఇంద్రనీలాలు పొదిగినట్టు నిశ్చలంగా వాలి ఉన్నాయి. చెట్ల నుంచి వేలాడే ఊడల్లాంటి తీగలు గాలి లేకుండానే ఊగుతున్నాయి.

"ఎంత బాగుందో!" అంది మధూలిక.

ఆ మాట పూర్తికాకుండానే ఒక తీగ ఆమె గుర్రం మెడకు చుట్టుకుంది. అరిందముడు కొరడా ఝళిపించాడు. తీగ పట్టు వదిలి కుయ్యోమని ముడుచుకుంది. మిగతా తీగలన్నీ మర్యాదగా వెనక్కి జరిగాయి.

వాగు అడ్డొచ్చింది. దాని మీద పలకల వంతెన. సగం దాటారో లేదో, అరిందముడి గుర్రం కాలికింది పలక కన్ను తెరిచింది! పక్క పలక నోరు తెరిచింది. అది వంతెన కాదు, వరుసగా పడుకున్న మొసళ్ళు!

"ఆపకు, రాకుమారీ! వీపుల మీద తొక్కుతూ పోనీ!"

మొసళ్ళు ఒక్కొక్కటే లేస్తున్నాయి. గుర్రాలు ఒక్కొక్క దాన్నే దాటుతున్నాయి. చివరి మొసలి తోక ఎగరేసి కొట్టింది. ఆ దెబ్బకు గుర్రాలు రెండూ గాల్లోకి లేచి అవతలి గట్టు మీద పడ్డాయి. "గుర్రాలకు రెక్కలు లేవని ఎవరన్నారు?" అని నవ్వాడు అరిందముడు, నోట్లో పడ్డ మట్టి ఉమ్మేస్తూ.

ఎదురుగా నల్లకోట. కాటుకతో కట్టినట్టున్న గోడలు, తేనెపట్టులా చిల్లులు పడ్డ బురుజులు. సింహద్వారం బార్లా తెరిచే ఉంది. అరిందముడు అడుగు లోపల పెట్టబోయాడు.

"ఆగండి!" అంది సంచీలోంచి దోమ గొంతు. "గోడలో ఏదో టిక్కుమంది."

అరిందముడు పాగా విప్పి లోపలికి విసిరాడు. ఒక్కసారిగా పైనుంచి ఈటెల జల్లు కురిసి పాగాను నేలకు కుట్టేసింది.

"చిన్నవాణ్ణయితే అయ్యాను గానీ, చెవులు మాత్రం భేషుగ్గా పనిచేస్తున్నాయి," అన్నాడు మహారాజు. ఆ గొంతులో గర్వం ఉంది. కాని మధూలిక చెయ్యి పెట్టి చూస్తే దంతం అప్పటికే నడుము దాటింది.

కోట నడుమ విశాలమైన ముంగిలి. దానిలో నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ పరిచి చేసిన చదరంగం. నిలువెత్తు రాతి పావులు రెండువైపులా బారులు తీరి ఉన్నాయి. తెల్లవైపు రాజు గడి ఒక్కటే ఖాళీగా ఉంది. అవతలి కొసన ఎత్తయిన పీఠం మీద కంచు ముసుగు, ఊదారంగు అంగరఖా, నల్లటి చేతితొడుగులు వేసుకున్న మాయావి కూర్చుని ఉన్నాడు.

"రాజును ఆ గడిలో నిలబెట్టండి," అన్నాడు. ముసుగులోంచి ఆ గొంతు గంటలా మోగింది. "మాట చెబితే పావు నడుస్తుంది. నువ్వు ఒక్కో పావు పోగొట్టుకున్నప్పుడల్లా నీ చేతివేళ్ళలో ఒకటి దంతమవుతుంది. ఓడితే నువ్వే దంతమవుతావు. మొదటి ఎత్తు నీది."

మధూలిక తండ్రిని మెల్లగా గడిలో దించింది. చుట్టూ నిలువెత్తు రాళ్ళ మధ్య ఆయన వెన్నెముద్దలా ఉన్నాడు.

"నా రాజు ముందున్న బంటు, ఒక అడుగు," అన్నాడు అరిందముడు.

రాతిబంటు గరగరమంటూ కదిలింది. అంతే, మహారాజు కెవ్వుమన్నాడు. "ఒరే, ఒరే! వాకిటి బంటును కదుపుతావా! వెనక్కి పెట్టు!"

మధూలిక కూడా ఉలిక్కిపడి కుడిచేతి కణుపులు ఎడమచేత్తో రుద్దుకుంది.

"ఏమయింది?" అన్నాడు అరిందముడు.

"మా రాజ్యంలో ఆ బంటును వాకిటి బంటు అంటారు. అది రాజుగారి గుమ్మం కాపలా. అది కదిలితే రాజు వాకిలి బావురుమంటుందని మావాళ్ళెవరూ దాన్ని ముట్టుకోరు. చిన్నప్పుడు తెలియక ముట్టుకుంటే అయ్యవారు బెత్తంతో కణుపుల మీద ఒక్కటిచ్చేవారు. ఇప్పటికీ ఎవరైనా దాన్ని కదిపితే నా కణుపులు చుర్రుమంటాయి."

"మా సింధుగిరిలో మొదట కదిలేది అదే," అన్నాడతను ఆమెకు మాత్రమే వినబడేలా. " అందుకే మీరు మాతో ఆడరు కాబోలు."

మాయావి తన అంచు బంటును ఒక్క అడుగు జరిపాడు. అరిందముడు మంత్రి ముందున్న బంటును నడిపించాడు. మాయావి మంత్రి బంటును ఒక్క అడుగు వేయించి ఊరుకున్నాడు. అరిందముడు మళ్ళీ వాకిటి బంటు, మళ్ళీ మంత్రి బంటు. మాయావి ఒక గుర్రాన్ని తన గుమ్మం దాకా తెచ్చి ఆపాడు. ఏ పావూ తన మూడో వరుస దాటి రావడం లేదు.

"ఈయన ఆట ఆడుతున్నాడా, ఇల్లు సర్దుకుంటున్నాడా?" అంది మధూలిక. "భయపడుతున్నాడు! మంత్రినీ గుర్రాలనూ తోలెయ్యి. నాన్నగారి గుండె దాకా వచ్చేసింది!"

"అదే ఆయనక్కావలసింది. తలుపులు మూసుకున్న ఇంటి మీద ఒంటరిగా పడితే నా తలే పగులుతుంది. ఆయన బయటికి రాకపోతే నాకేం నష్టం? వీధంతా నాదే. ముందు వీధి పట్టుకుంటాను."

అతని బంట్లు రెండూ ఇప్పుడు పలక నడిమధ్య భుజం భుజం కలిపి నిలబడ్డాయి. బంటు నడిచేది ఎదురుగా, కొట్టేది ఐమూలగా. రెండు బంట్లు పక్కపక్కన నిలిచేసరికి వాటి ముందు వరుసలో నాలుగు గళ్ళు కణకణలాడే నిప్పుగుండాలయ్యాయి. నల్లపావులు వాటి వైపు చూడడానికే జంకుతున్నాయి. ఆ బంట్ల చాటున అరిందముడు తొందరలేకుండా గుర్రాలను దించాడు, శకటాలను తిప్పాడు.

"మహారాజా, కొంచెం ఆ మూలకు జరగండి."

"నన్నా? మూలకా?"

"మీ వాకిట్లోకి ఏనుగును తేవాలి, ప్రభూ. తొక్కుతుంది."

మహారాజు గొణుక్కుంటూ మూలకు చేరాడు. కాళ్ళు కదలవు గనక గడే ఆయన్ని మోసుకుపోయింది.

మాయావి అంచున ఉన్న ఏనుగు ముందు బంటును కావలి లేకుండా వదిలాడు.

"ఊరికే వస్తోంది, కొట్టు!" అంది మధూలిక.

"దాన్ని కొట్టడానికి మంత్రి అంత దూరం పోతే నడివీధి ఖాళీ. వద్దు, ఆయన దగ్గరే ఉండనీ." అరిందముడు చిరునవ్వు నవ్వి, "వాకిటి బంటు, ముందుకు!" అన్నాడు.

బంటు పలక నడిమిని దాటి ఎదర నిలిచింది. గుమ్మం ముందున్న నల్లగుర్రం దాని దెబ్బకు అందేలా ఉంది. గుర్రం వెనక్కి దూకింది. ఉన్నది ఒక్కటే చోటు, మంత్రికి ఎదురుగా. దూకి మంత్రి దారి మూసింది, శకటం దారీ మూసింది. ఇరుకింట్లో పెళ్ళివారు దిగినట్టయింది నల్లవైపు. ఒకరు కదలాలంటే మరొకరు లేవాలి. లేచినవాడు ఎక్కడ నిలబడాలి?

"ఇప్పుడు!" అన్నాడు అరిందముడు.

అతని బంటు ఐమూలగా దూకి నల్లమంత్రి బంటును కొట్టింది. మాయావి పక్కబంటుతో దాన్ని తిరిగి కొట్టాడు. అరిందముడి చిటికెనవేలు టక్కుమని తెల్లగా గట్టిపడిపోయింది. మధూలిక కెవ్వుమంది. అతను వేలు ఆడించి చూసి, "చెవి గోక్కోవడానికి పనికొస్తుంది," అన్నాడు. "నా ఏనుగు, రాజవీధిలోకి!"

వాకిటి బంటు పోయిన దారిలో ఏనుగు వచ్చి నిలబడి, తొండం చాచి నల్లరాజు గుమ్మం వైపు చూసింది. రెండింటి నడుమా అడ్డున్నది ఒక్క నల్లబంటే, నల్లరాజు వాకిటి బంటు.

పడమట సూర్యుడు బురుజు మీద వాలాడు. మహారాజు గొంతు బొంగురుపోతోంది. "అమ్మాయీ... మెడ... తిరగడం లేదు..."

మధూలిక ఊపిరి బిగబట్టి పలక వైపు చూస్తోంది. ఆ బంటు ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు. నల్లరాజుకు తప్పుకునే గడి దొరుకుతుంది, ముడి విడిపోతుంది. ఆమెకే కనబడుతోంది. మాయావికి కనబడదా?

కనబడింది. అతని చెయ్యి ఆ బంటు వైపు లేచింది. గాల్లో ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చింది. రెండో చెయ్యి దాని కణుపులను రుద్దింది.

"అంచు బంటు, ఒక్క అడుగు," అన్నాడు మాయావి నీరసంగా.

అరిందముడు పకపకా నవ్వాడు. "గుర్రం! నా బంటును కొట్టిన బంటును కొట్టి, అక్కడే నిలబడు! రాజుకు దెబ్బ!"

తెల్లగుర్రం ఎగిరి నల్లమోహరం నడుమ దిగింది. నల్లరాజు ఎటు పోతాడు? అటు తన మంత్రి, ఇటు తన శకటం, ఆ పక్క తన గుర్రం, ఈ పక్క తన బంటు. గుర్రాన్ని కొట్టగలిగింది వాకిటి బంటు ఒక్కటే. అది పక్కకు తప్పుకుంటే వాకిట్లో నిలిచిన ఏనుగు నేరుగా రాజును తొక్కుతుంది.

"ఆటకట్టు!"

నల్లరాజు నిలువునా పగిలి కుప్పకూలాడు. కోట గోడలు ఒక్కసారి నిట్టూర్చినట్టు కంపించాయి.

అరిందముడు రాళ్ళ మీదుగా దూకుతూ పీఠం దగ్గరికి చేరాడు. "ఏడు సముద్రాల అవతలివాడివా నువ్వు? ఏడు సముద్రాల అవతల కూడా వాకిటి బంటు కదిపితే కణుపుల మీద కొడతారా? ఈ బెత్తం దెబ్బ కరవీరపురంలోనే తగులుతుంది!" అంటూ కంచు ముసుగును కొరడా మొనతో ఎగరగొట్టాడు.

ముసుగు ఖంగుమని దొర్లింది. దాని వెనక మాయావి లేడు. నెరిసిన గడ్డం, దిగాలు కళ్ళు, ఒక కాలికే చెప్పు.

"రేవణయ్యా!" అంది మధూలిక. "మీరా?"

తెల్ల గడిలోంచి బొంగురు గొంతు వినబడింది. "రేవణా... నువ్వా?"

ఆటతోడు రేవణుడు పీఠం దిగాడు. తడబడుతూ నడిచి వచ్చి, మూల గడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జానెడు రాజు పెదవుల మీద వేలు ఆనించి ఏదో మంత్రం గొణిగాడు. గొంతు దాకా ఎక్కిన దంతం అక్కడే ఆగింది. కిందికి మాత్రం దిగలేదు.

"నేనే ప్రభూ," అన్నాడు. "మీతో ఆడిన ప్రతి సాయంత్రం ఓడిపోయాను. ఓడడం నా కొలువు. అదీ మీకు అనుమానం రాకుండా ఓడాలి. గెలవడం కంటే అది కష్టం. నా బంట్లను ఇంటి గడప దాటనివ్వకుండా, మీరు వచ్చి కొట్టేదాకా కూర్చునేవాణ్ణి. ఒక్కసారి, మీ పట్టాభిషేకపు పండగనాడు, ఒళ్ళు మరిచి నా బంటును నడిమికి తోశాను. మీరు ఓడబోతున్నారు. పలక తన్నేశారు. 'నీ పని ఓడడమే కదయ్యా!' అని నవ్వారు. సభంతా నవ్వింది. ఆ పెద్దమనుషుల కాళ్ళ సందున పాకుతూ పావులన్నీ ఏరుకున్నాను. ఒక్క బంటు దొరకలేదు. ఇంటికెళ్ళి చూస్తే నా అంగీ మడతలో ఉంది. ఆ బంటు మీదే కాలదంష్ట్రుడి చేత మంత్రం వేయించి మీ తలగడ కింద పెట్టాను. మిమ్మల్ని చంపాలని కాదు, ప్రభూ. ఒక్క రోజైనా నా చెయ్యి ఎక్కడ పెడితే మీరు అక్కడ నిలబడాలని. మీ కళ్ళ ముందు ఒక్క ఆట గెలవాలని. చూశారుగా! గెలవొద్దనే వాళ్ళెవరూ లేని రోజున కూడా నా చెయ్యి ఆ వాకిటి బంటు మీదికి పోలేదు."

అతను కణుపులు రుద్దుకుంటూ మధూలిక వైపు తిరిగాడు.

"ఓడితే మహారాజును విడిపిస్తానని నిజంగానే మాటిచ్చాను, రాకుమారీ. కాని అతను నాకు నేర్పింది సగం మంత్రమే. దంతాన్ని ఆపేది నాకు చెప్పాడు, దించేది తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ సంగతి నాకిప్పుడే తెలిసింది. ఇంత సాయం చేసినందుకు అతను నన్ను బంగారం అడగలేదు, మణులు అడగలేదు. 'ఆట జరిగే రోజున కోటలో రాజకుటుంబం ఎవరూ లేకుండా చెయ్యి, చాలు' అన్నాడు. తండ్రి కోసం మీరు తప్పకుండా బయల్దేరతారని చెప్పింది నేనే. మహారాజు నడక, మహారాజు దగ్గు, మీసం ఎటు మెలితిప్పుతారో, అన్నీ ఎదురుగా కూర్చుని ఇన్నేళ్ళు చూసిన నేనే అతనికి నేర్పాను. ఈపాటికి అతను గజకేతు మహారాజు రూపంలో మీ సింహాసనం మీద కూర్చుని ఉంటాడు, తల్లీ. మీరు ఆట గెలవడంతో మళ్ళీ మనిషినయ్యానని చెబితే కోటలో అందరూ నమ్మేస్తారు. మీరు ఈ బొమ్మను తీసుకెళ్ళి ఈయనే రాజని చెబితే, మిమ్మల్ని బంధించమని ఆజ్ఞ ఇచ్చేది మీ నాన్నగారి గొంతే."